పిన్ కొడితే డబ్బు ఎటు పోతుంది?

కంప్యూటర్ నెట్‌వర్క్స్‌లో ఓఎస్ఐ మోడల్ అని ఒకటి చదువుతాం. ఏడు లేయర్లు. మా బ్రాంచ్‌లో ఎవర్నైనా అర్ధరాత్రి నిద్ర లేపి అడిగినా కింద నుంచి పైకి, పై నుంచి కిందికి గడగడా చెప్పేస్తారు. వైవా భయం అలాంటిది మరి. ఆ ఏడింటిలో ఒక్కటి కూడా తెలియని మనుషులే మన దేశంలో ఫోన్‌తో కూరగాయలు కొంటున్నారు, కరెంటు బిల్లు కడుతున్నారు, మనకి హాస్టల్ ఫీజు పంపిస్తున్నారు. 2023 ఆగస్టులో యూపీఐ లావాదేవీలు మొదటిసారి ఒక్క నెలలో 1000 కోట్లు దాటాయి. లేయర్లు తెలియలేదని ఏదీ ఆగలేదు.

మరి రోజూ ఫోన్ వాడే మామూలు మనిషికి టెక్నాలజీ ఎంత తెలియాలి? మా క్లాసులో ఈ మాట వచ్చిన ప్రతిసారీ రెండు పార్టీలు తయారవుతాయి. "తెలియనప్పుడు వాడటం ఎందుకు, మోసపోవడం ఎందుకు" అనేది ఒకటి. "ఏమీ తెలియక్కర్లేదు, యాప్ అన్నీ చూసుకుంటుంది" అనేది రెండోది. మొదటి పార్టీ వాళ్ళకి పొగరు ఎక్కువ. రెండో పార్టీ వాళ్ళు రేపు అలాంటి యాప్‌లు రాయబోయేవాళ్ళు కాబట్టి నాకు వాళ్ళంటేనే ఎక్కువ భయం.

వంటింట్లో కుక్కర్ సంగతి చూడండి. లోపల ప్రెషర్ పెరిగితే నీళ్ళు 100 డిగ్రీల దగ్గర కాకుండా దాదాపు 120 దగ్గర మరుగుతాయని, అందుకే పప్పు తొందరగా ఉడుకుతుందని మా అమ్మకి తెలీదు. చెప్పినా "అలాగా" అని పోపు పెట్టుకుంటుంది. కానీ నీళ్ళు పోయకుండా స్టవ్ మీద పెట్టకూడదని తెలుసు. గాస్కెట్ వదులైతే పక్కల నుంచి ఆవిరి పోతుందని తెలుసు. ఎంతసేపటికీ విజిల్ రాకపోతే ఏదో అడ్డుపడిందని, ముందు స్టవ్ కట్టెయ్యాలని తెలుసు. అన్నిటికంటే ముఖ్యంగా, ఆవిరి పోకముందు మూత తీస్తే ఏమవుతుందో తెలుసు. ఆవిడకి తెలిసినది కుక్కర్ లోపలి సైన్స్ కాదు. తను ఏం చేస్తే ఏం జరుగుతుంది, ఏది చేశాక ఇక వెనక్కి రాలేం అన్నది. నేను చెప్పబోయే టెక్నాలజీ జ్ఞానం కూడా ఈ రకందే.

ఇప్పుడు యూపీఐకి వద్దాం. మీరు పిన్ కొట్టగానే అది అక్కడికక్కడే ఎన్‌క్రిప్ట్ అయ్యి, ఎన్‌పీసీఐ మీదుగా మీ బ్యాంకుకి వెళ్తుంది. మీ బ్యాంకు పిన్ సరిచూసి, మీ ఖాతాలోంచి డబ్బు తీస్తుంది. అవతలి వాళ్ళ బ్యాంకు వాళ్ళ ఖాతాలో వేస్తుంది. ఇందులో కీ మేనేజ్‌మెంట్ ఎలా జరుగుతుంది, సర్వర్ల మధ్య మెసేజ్‌లు ఏ ఫార్మాట్‌లో వెళ్తాయి అన్నది మనలాంటి వాళ్ళకి సరదా. వాడేవాళ్ళకి అనవసరం. వాళ్ళకి కావలసింది ఒకే ఒక్క ముక్క: పిన్ అడిగేది డబ్బు తీసే బ్యాంకు, వేసే బ్యాంకు కాదు. డబ్బు మనకి వచ్చేటప్పుడు మన పిన్‌తో ఎవరికీ పని లేదు.

ఇక్కడ ఒక మెలిక ఉంది. "పిన్ కొడితే డబ్బు పోయినట్టే" అని అందరికీ చెప్తుంటాం కదా, అది పూర్తిగా నిజం కాదు. బ్యాలెన్స్ చూసుకోడానికి కూడా పిన్ అడుగుతుంది. యూపీఐ లైట్‌లో అయితే చిన్న మొత్తాలు పిన్ లేకుండానే వెళ్ళిపోతాయి. అంటే మనం నేర్పించే సూత్రానికి రెండు వైపులా చిల్లులున్నాయి. కాబట్టి సరిగ్గా చెప్పాలంటే, పిన్ కొడితే డబ్బు పోతూ ఉండొచ్చు లేదా మనం బ్యాలెన్స్ చూస్తూ ఉండొచ్చు, వస్తూ మాత్రం ఉండదు. ఇంత పొడుగు వాక్యం ఎవరికి గుర్తుంటుంది అంటారా? నాకూ అదే అనుమానం ఉండేది, మా పిన్నితో మాట్లాడేదాకా.

మా పిన్ని గుడివాడ దగ్గర ఇంట్లోనే పచ్చళ్ళు పెట్టి అమ్ముతుంది. ఆర్డర్లన్నీ ఫోన్ మీదే. 2022 మే నెలలో, ఆవకాయ సీజన్ మధ్యలో, ఒకాయన ఫోన్ చేసి ఆర్మీలో పని చేస్తున్నానని, క్యాంపుకి పది కిలోలు కావాలని అన్నాడు. "మా ఆఫీసు రూల్ ప్రకారం అడ్వాన్స్ ఇలానే పంపాలమ్మా. మీకొక రిక్వెస్ట్ వస్తుంది, పిన్ కొట్టగానే మీ ఖాతాలో పడుతుంది" అన్నాడు. పిన్ని కొట్టింది. ఏడు వేలు పోయాయి. "అయ్యో, సిస్టమ్‌లో రివర్స్ అయింది, మళ్ళీ పంపిస్తున్నా, ఈసారి రెండూ కలిపి వస్తాయి" అన్నాడు. ఇంకో ఏడు వేలు పోయాయి.

పోయిన డబ్బు కంటే తర్వాత జరిగింది ఎక్కువ. బాబాయి "తెలియనివి ఎందుకు ముట్టుకుంటావు" అన్నాడు. ఇంటికి వచ్చినవాళ్ళందరికీ అదొక కథ అయింది. పిన్ని యాప్ తీసేసింది. డబ్బు చేతికిస్తేనే పచ్చడి అనేసరికి హైదరాబాద్, బెంగుళూరు నుంచి వచ్చే ఆర్డర్లు ఆగిపోయాయి. రెండు సీజన్లు అలాగే గడిచాయి. ఊళ్ళో అమ్మేది చాలనప్పుడు కూడా మళ్ళీ పెట్టుకోమంటే "నాకు రాదులే" అనేది.

ఈ వేసవి సెలవుల్లో వెళ్ళినప్పుడు ఎన్‌పీసీఐ, రెండు బ్యాంకులు, బాణం గుర్తులు అన్నీ కాగితం మీద గీసి చూపించాను. ఓపిగ్గా విని అంది: "నాకు బ్యాంకు పని కొత్త కాదు నాన్నా. డ్వాక్రా గ్రూపుకి ఆరేళ్ళు లీడర్‌గా చేశాను. విత్‌డ్రాయల్ ఫారాలు నేనే రాసేదాన్ని. డబ్బు తీయాలంటే సంతకం కావాలి, వెయ్యాలంటే ఎవరి సంతకమూ అక్కర్లేదు, ఎవరైనా వెయ్యొచ్చు. ఆ పిన్ అంటే సంతకమని ఒక్కరు కూడా చెప్పలేదు."

నేను గీసిన బొమ్మ కంటే ఇది బాగుంది. పైగా ఇందాకటి రెండు చిల్లుల్లో ఒకటి పూడిపోతుంది కూడా. పాస్‌బుక్‌లో బ్యాలెన్స్ చెప్పమన్నా బ్యాంకులో "మీరేనా" అని చూస్తారు, సంతకం అంటే అదీ ఇదీ రెండూ. పిన్నికి కావలసిన జ్ఞానం ఆవిడ దగ్గర ఆరేళ్ళ నుంచి ఉంది. యాప్‌లో దాని పేరు మార్చి పెట్టారు, అంతే.

పేర్ల సంగతి కొంచెం ఎక్కువసేపు మాట్లాడతాను, ఇది సాహిత్య క్లబ్ పత్రిక కాబట్టి. ఆ మోసానికి వాడిన సౌకర్యం పేరు కలెక్ట్ రిక్వెస్ట్. ఎదుటివాడు మన దగ్గర డబ్బు అడగడానికి పంపేది. ఇప్పుడు మన ఇళ్ళలో "కలెక్ట్ చేసుకోండి" అంటే అర్థం ఏమిటి? కొరియర్ ఆఫీసుకి వెళ్ళి పార్సిల్ కలెక్ట్ చేసుకోవడం, కాలేజీ ఆఫీసులో సర్టిఫికెట్ కలెక్ట్ చేసుకోవడం. అంటే మనకి రావలసింది మనం తెచ్చుకోవడం. ఫోన్‌కి కలెక్ట్ అనే మాటతో ఏదైనా వస్తే, నాకు వస్తోంది అనుకోవడమే సహజం. కానీ ఆ పేరు పెట్టినవాళ్ళు అడిగేవాడి వైపు నిలబడి పెట్టారు. కలెక్ట్ చేసుకునేది వాడు, ఇచ్చేది మనం. ఒకే మాట, చూసే వైపుని బట్టి డబ్బు దిక్కు మారిపోతుంది. ఇంగ్లీష్ మీడియంలో చదివిన నాకే ఇది ఒకసారి ఆగి ఆలోచిస్తే గానీ తెలియలేదు. "ఫలానా ఆయన మిమ్మల్ని ఏడు వేలు అడుగుతున్నాడు, ఇస్తారా?" అని తెలుగులో రాసి ఉంటే ఆ ఆర్మీ ఆయన చెప్పిన కథ సగంలోనే తేలిపోయేది.

చివరికి ఎన్‌పీసీఐ ఏం చేసిందంటే, మనుషుల మధ్య కలెక్ట్ రిక్వెస్ట్‌లనే 2025 అక్టోబర్ 1 నుంచి ఆపేసింది. అప్పుడు వ్యాపార సంస్థలు పంపేవి ఉంచింది గానీ, ఒక మామూలు ఖాతాదారుడు ఇంకొకరికి పంపేది లేదు. "పిన్ ఎవరికీ చెప్పొద్దు, జాగ్రత్త" అని ఎన్నేళ్ళ నుంచో మెసేజ్‌లు వస్తూనే ఉన్నాయి. ఇక్కడ మాత్రం ఎవరికీ ఏమీ నేర్పకుండానే ఒక దారి మూసుకుపోయింది.

కుక్కర్‌లోనూ ఇదే జరిగింది. విజిల్ దారి మూసుకుపోయినా పేలకుండా మూత మీద ఒక సేఫ్టీ వాల్వ్ ఉంటుంది. వేడి మితిమీరితే అది కరిగిపోయి ఆవిరికి దారి ఇస్తుంది. మూత లోపలి వైపు నుంచి బిగుసుకునే కుక్కర్లలో అయితే ప్రెషర్ ఉన్నంతసేపు మూత ఊడి రాదు. అమ్మకి తెలిసినవి అమ్మకి తెలుసు. తెలియని రోజున, మర్చిపోయిన రోజున, పక్కింటావిడతో మాటల్లో పడిన రోజున ఏం కావాలో తయారుచేసినవాళ్ళు ముందే ఆలోచించారు. ఫోన్ దగ్గరికి వచ్చేసరికి ఆ రెండో సగం పని కూడా వాడేవాళ్ళ మీదే పడేస్తున్నాం. దానికి అవేర్‌నెస్ అని పేరు పెడుతున్నాం.

ఆ అవేర్‌నెస్‌లో కూడా తప్పులు నేర్పించాం. బ్రౌజర్‌లో తాళం గుర్తు ఉంటే సైట్ సేఫ్ అని స్కూల్లో మాకు చెప్పారు, నేను మా తాతయ్యకి చెప్పాను. తాళానికి అర్థం అది కాదు. మీకూ ఆ సైట్‌కీ మధ్య జరిగే మాటలు దారిలో ఇంకెవరూ చదవలేరు, అంతవరకే. అవతల ఉన్నవాడు దొంగ అయితే, ఆ దొంగతో మీరు చాలా రహస్యంగా మాట్లాడుకుంటున్నారన్నమాట. మోసం సైట్లు కూడా దాదాపు అన్నీ తాళంతోనే వస్తున్నాయి. జనం దాన్ని తప్పుగా అర్థం చేసుకుంటున్నారని గూగుల్ వాళ్ళు 2023లో క్రోమ్ నుంచి ఆ గుర్తునే తీసేశారు. అలాగే మూడు నెలలకోసారి పాస్‌వర్డ్ మార్చమనే సలహా. ఊరికే గడువు పెట్టి మార్పించొద్దని అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ 2017లోనే చెప్పింది. మార్చమని ఊరికే తొందరపెడితే మనుషులు చివర 1 తీసి 2 పెడతారు, మన ల్యాబ్ సిస్టమ్స్‌లో చూడండి కావాలంటే.

తాళం కాకపోతే మరి ఏది చూడాలి? సైట్ అడ్రస్. అది చదవడం నేర్పొచ్చు, కష్టమేమీ కాదు. ఉత్తరం మీద అడ్రస్ లాంటిదే. ఇంటి నంబర్, వీధి, ఊరు, మండలం, జిల్లా అని చిన్నది నుంచి పెద్దదానికి వెళ్తాం కదా, సైట్ పేరులో కూడా చుక్కల మధ్య మాటలు అదే వరసలో ఉంటాయి. పెద్దది చివర ఉంటుంది. ముందు భాగంలో మీ బ్యాంకు పేరు ఎంత అందంగా రాసి ఉన్నా లెక్కలోకి రాదు. "బెంజ్ సర్కిల్ వీధి, ఫలానా ఊరు, శ్రీకాకుళం జిల్లా" అని రాస్తే ఆ ఉత్తరం విజయవాడ వెళ్ళదు. కాకపోతే ఫోన్ తెర మీద అడ్రస్ సగమే కనిపిస్తుంది, ఆ సగం మొదటి సగం అయితే చదవడం వచ్చినా లాభం లేదు. నేర్పి ఊరుకుంటే చాలదని ఆర్‌బీఐకి కూడా అనిపించినట్టుంది. బ్యాంకులన్నీ 2025 అక్టోబర్ 31లోగా తమ సైట్లని 'డాట్ బ్యాంక్ డాట్ ఇన్' కిందకి మార్చుకోవాలని చెప్పింది. ఆ పేర్లు ఇచ్చే అధికారం మన హైదరాబాద్‌లో ఉన్న ఐడీఆర్‌బీటీకి మాత్రమే ఉంది, ఎవరు పడితే వాళ్ళు కొనుక్కోలేరు. ఇప్పుడు నేర్పవలసింది ఒక్క తోక.

కాల్ ఫార్వర్డింగ్ కూడా ఇలాంటి కథే. "మీ పార్సిల్ ఆగిపోయింది, స్టార్ 401 స్టార్ కొట్టి ఈ నంబర్ డయల్ చెయ్యండి" అని ఎవరో చెప్తారు. చేస్తే మన కాల్స్ అన్నీ వాడికి వెళ్తాయి, కాల్‌లో వచ్చే ఓటీపీతో సహా. ఆ కోడ్ అర్థం ఏమిటో మా బ్యాచ్‌లోనే చాలామందికి తెలీదు, ఇక మనం ఇంకొకర్ని అనడం దేనికి! టెలికాం శాఖ 2024 ఏప్రిల్ 15 నుంచి అలా కోడ్‌తో ఫార్వర్డింగ్ పెట్టే పద్ధతినే నిలిపేయించింది.

అన్నిటికీ వాల్వ్ పెట్టగలమా అంటే, లేదు. డిజిటల్ అరెస్ట్ అని బెదిరించే ముఠాలు ఉన్నాయి కదా. వీడియో కాల్‌లో పోలీస్ యూనిఫాం, వెనక గోడకి బొమ్మలు, రోజుల తరబడి కెమెరా ముందు నుంచి కదలనివ్వరు. అక్కడ డబ్బు పంపేవాళ్ళకి పిన్ అంటే ఏమిటో బాగా తెలుసు. డాక్టర్లు, రిటైరైన ఆఫీసర్లు కూడా వాళ్ళలో ఉన్నారు. తెలియాల్సింది కంప్యూటర్ కాదు, చట్టం. అసలు మన చట్టంలో డిజిటల్ అరెస్ట్ అనేదే లేదు, ఏ పోలీసూ వీడియో కాల్‌లో అరెస్ట్ చెయ్యడు. ప్రధానమంత్రి 2024 అక్టోబర్ 27న మన్ కీ బాత్‌లో కూడా ఇదే చెప్పవలసి వచ్చింది. టెక్నికల్ జ్ఞానం పెంచితే మోసాలు తగ్గుతాయి అనే మన బ్రాంచ్ గర్వానికి ఇక్కడ చోటు లేదు.

ఇంతకీ "ఎంత తెలియాలి" అన్నది కాలక్షేపం ప్రశ్న కాదు. నష్టం ఎవరు భరించాలో తేల్చేది అదే. ఆర్‌బీఐ 2017 జులై 6న ఇచ్చిన సర్క్యులర్ ప్రకారం, తప్పు మీదీ కాదు బ్యాంకుదీ కాదు, మధ్యలో ఎక్కడో జరిగింది అనుకోండి. బ్యాంకు మెసేజ్ వచ్చిన మూడు పని దినాల్లో మీరు చెప్తే మీకు పైసా నష్టం లేదు. నాలుగు నుంచి ఏడు రోజుల్లో చెప్తే కొంత పరిమితి వరకు భరించాలి. అదే మీ అజాగ్రత్త వల్ల పోయిందంటే, బ్యాంకుకి చెప్పేదాకా పోయినదంతా మీ మీదే. చెప్పిన తర్వాత పోయేది బ్యాంకు మీద. ఇప్పుడు పిన్ని పిన్ కొట్టింది తన చేత్తోనే. అది అజాగ్రత్తేనా? "కలెక్ట్" అనే మాటని తను అర్థం చేసుకున్నట్టే అర్థం చేసుకోవడం అజాగ్రత్త అయితే, ఆ మాట పెట్టినవాళ్ళది ఏమిటి? బ్యాంకులో మాత్రం "పిన్ మీరే కొట్టారు కదండీ" అన్నారు. పైగా పిన్ని సిగ్గుతో తొమ్మిది రోజులు ఎవరికీ చెప్పలేదు. సైబర్ మోసాలకి 1930 నంబర్ ఉందని, డబ్బు ఒక ఖాతా నుంచి ఇంకో ఖాతాకి మారకముందే ఆపగలగాలంటే గంటల్లో చెప్పాలని ఆవిడకి అప్పుడు తెలీదు. నన్నడిగితే ఓఎస్ఐ లేయర్లు, ఎన్‌క్రిప్షన్ అన్నిటికంటే ముందు తెలియాల్సిన టెక్నికల్ విషయం ఈ 1930. బాబాయి ఆ రోజు అరిచి ఉండకపోతే ఇంకా ముందే బయటపడేదేమో.

పిన్ని ఈ వేసవిలో మళ్ళీ యాప్ పెట్టుకుంది. పెట్టేటప్పుడు ఫోన్ నేను ముట్టుకోలేదు, అది మాత్రం గట్టిగా అనుకున్నాను. మనవాళ్ళకి నేర్పేటప్పుడు మనం చేసే పని ఏమిటంటే, "ఇలా ఇవ్వు" అని ఫోన్ లాక్కుని, టకటకా నొక్కి, "అయిపోయింది" అని తిరిగిచ్చేస్తాం. పక్కన కూచుని, "ఇప్పుడు ఇది నొక్కితే డబ్బు ఎటు పోతుంది?" అని ప్రతి పేజీ దగ్గరా అడిగాను. రెండో రోజుకి పిన్నే నన్ను అడగడం మొదలుపెట్టింది. తప్పు నంబర్‌కి పంపితే వెనక్కి వస్తుందా? (బటన్ లేదు. ఫిర్యాదు చెయ్యాలి, అందుకున్నవాళ్ళు ఒప్పుకోవాలి. అందుకే పంపేముందు పేరు చూడాలి.) ఫోన్ పోతే డబ్బు పోతుందా? (డబ్బు ఫోన్‌లో లేదు, బ్యాంకులో ఉంది. సిమ్ బ్లాక్ చేయించి బ్యాంకుకి చెప్పాలి.) రెండూ మంచి ప్రశ్నలు, రెండిటికీ మా సిలబస్‌తో పని పడలేదు.

మూడోది మాత్రం నా దగ్గర ఆగిపోయింది. తన ఫోన్‌లో పిన్ అడిగే పేజీ ఇంగ్లీషులో ఉంది. దాన్ని చూపించి, "పిన్ అనే బదులు ఇక్కడ 'మీ సంతకం' అని తెలుగులో రాస్తే పోయేది కదా, రాయడానికి ఏమైనా ఇబ్బందా?" అని అడిగింది. టెక్నికల్‌గా ఏ ఇబ్బందీ నాకు కనిపించలేదు. మీలో ఎవరైనా మినీ ప్రాజెక్ట్‌కి టాపిక్ వెతుక్కుంటూ ఉంటే చెప్పండి, టెస్ట్ చేసి పెట్టడానికి పిన్ని రెడీగా ఉంది.